మైలుతుత్తం అంటే ఏమిటి, దానితో బోర్డో మిశ్రమం తప్పు పోకుండా ఎలా కలపాలి

తిరుపతి, చిత్తూరు వైపు ఏ పురుగుమందుల అంగడిలోనైనా మైలుతుత్తం అడిగితే నీలం గడ్డలు తూచి ఇస్తారు. సంచి మీద మాత్రం "కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్" అని ఉంటుంది. ఆ పేరులోనే సరుకు వివరం మొత్తం ఉంది. కాపర్ అంటే రాగి. సల్ఫేట్ అంటే గంధకామ్లం నుంచి వచ్చిన భాగం. పెంటా అంటే ఐదు, హైడ్రేట్ అంటే నీళ్ళు పట్టుకొని ఉన్నది. ఒక్కో రాగి సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులు అతుక్కొని గడ్డ కడతాయి. ఆ నీలం రంగు కూడా నీళ్ళ వల్లే. గడ్డను బాగా కాలిస్తే నీరు పోయి తెల్లటి పొడి మిగులుతుంది, దాని మీద చుక్క నీరు పడితే మళ్ళీ నీలం తిరుగుతుంది.

రైతుకు ఈ లెక్క ఎందుకంటే, కిలో నీలం గడ్డల్లో దాదాపు 360 గ్రాములు నీరే. అసలు రాగి 255 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే తెగులు మందు బోర్డో మిశ్రమం. దానికి పుస్తకాల్లో చెప్పే కొలతలన్నీ ఈ నీలం గడ్డకు చెప్పినవే. పూర్తిగా నీరు పోయిన తెల్ల పొడి అయితే 640 గ్రాములకే కిలో గడ్డల బలం ఉంటుంది. పాత సంచిలో గడ్డల మీద తెల్లటి పూత కనిపిస్తే సరుకు చెడిపోయిందని పారేయకండి. పైన కొంత నీరు ఆరిపోయింది, అంతే.

ఆకుపచ్చ గడ్డలు అన్నభేది. అది ఇనుము సల్ఫేట్, మైలుతుత్తం కాదు. రెండూ కలిపి అమ్మే వాళ్ళు ఉన్నారు కాబట్టి కొనేటప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. ముదురు నీలంలో మెరవాలి, పచ్చ జీర ఉండకూడదు. వ్యవసాయానికని ముద్ర వేసి, రాగి శాతం రాసిన సంచి అయితే మేలు.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోవాలి. మైలుతుత్తం నీళ్ళను నేరుగా చెట్టు మీద కొడితే తెగులు కంటే ముందు ఆకు మాడిపోతుంది. సున్నం కలిసినప్పుడే అది మందవుతుంది. సున్నం ఆ కరిగిన రాగిని పట్టి సన్నటి నీలం పొడిగా మార్చి ఆకు మీద అతికిస్తుంది. తర్వాత మంచు, వాన పడ్డప్పుడల్లా ఆ పొడి నుంచి రాగి కొంచెం కొంచెంగా విడుదలై, అప్పుడే మొలకెత్తుతున్న శిలీంధ్రపు బీజాన్ని చంపుతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే: సున్నానికి చిక్కకుండా విడిగా మిగిలిన రాగి ఉండకూడదు.

ఈ కలయిక విలువ మొదట ఫ్రాన్సులో తెలిసింది. బోర్డో నగరం దగ్గర మెడాక్ ప్రాంతపు ద్రాక్ష తోటల్లో, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోయకుండా గట్టు వరసలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. బూజు తెగులు వచ్చి మిగతా తోట ఆకు రాల్చినా ఆ వరసలు పచ్చగా నిలిచాయి. 1882లో అది గమనించిన మిలార్డే అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. ఊరి పేరే మందుకు నిలిచింది.

కావలసినవి

1 శాతం మిశ్రమం 100 లీటర్లకు: మైలుతుత్తం 1 కిలో, కాల్చిన సున్నం గడ్డలు (ఇంకా నీళ్ళు తగలనివి) 1 కిలో, నీళ్ళు 100 లీటర్లు. 50 లీటర్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, 150 నుంచి 200 లీటర్ల డ్రమ్ము ఒకటి. కలపడానికి కర్ర, వడకట్టడానికి పల్చటి నూలు గుడ్డ, పరీక్షకు ఇనుప మేకు, కొంచెం పసుపు.

ఇనుప డ్రమ్ము, రేకు బకెట్టు, అల్యూమినియం గిన్నె వాడొద్దు. మైలుతుత్తం నీళ్ళు ఇనుమును తాకగానే రాగి ఇనుము మీదికి ఎక్కి కూర్చుంటుంది, ఇనుము నీళ్ళలో కరుగుతుంది. పాత్ర తినేస్తుంది, మందులో రాగీ తగ్గుతుంది. ప్లాస్టిక్, మట్టి, చెక్క, ఏదైనా సరే.

సున్నం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మిశ్రమం చెడేది ఎక్కువగా దీని వల్లే. గట్టిగా, తెల్లగా, గడ్డల రూపంలో ఉన్న తాజా సున్నం తీసుకోండి. గాలికి చాలా రోజులు ఉండి పొడిపొడిగా రాలిపోయిన సున్నం మళ్ళీ సుద్ద అయిపోయి ఉంటుంది, రాగిని పట్టే బలం దానికి ఉండదు. గడ్డలు దొరక్క సంచుల్లో వచ్చే, ముందే నీళ్ళతో విరిచిన సున్నపు పొడి వాడాల్సి వస్తే 1 కిలో బదులు 1.3 కిలోలు తీసుకోండి. ఆ పొడిలో ముందే నీరు చేరి ఉంటుంది కాబట్టి ఆ మేరకు బరువు పెరుగుతుంది.

లెక్కకు చూస్తే కిలో మైలుతుత్తాన్ని పట్టడానికి నీళ్ళు తగలని స్వచ్ఛమైన సున్నం 225 గ్రాములు చాలు. మరి కిలో ఎందుకు? బట్టీలో సగం కాలిన రాళ్ళు, ఇసుక అందులో కొంత ఉంటాయి. పైగా మిగిలిన సున్నం లేత ఆకుకు రక్షణగా, మందు అతుక్కోవడానికి సాయంగా పనికొస్తుంది. సున్నం మిగిలితే ఆకు మీద తెల్ల మచ్చ పడుతుందంతే. రాగి మిగిలితే ఆకు కాలుతుంది. అందుకని సున్నంలో పొదుపు చేయొద్దు.

మొదటి పని: ముందు రోజు రాత్రి మైలుతుత్తం కరిగించడం

గడ్డలను డ్రమ్ము అడుగున పోసి నీళ్ళు నింపితే తెల్లారినా సగం అలాగే ఉంటాయి. కరిగిన నీరు బరువెక్కి అడుగునే గడ్డల చుట్టూ నిలిచిపోతుంది, కొత్త నీరు గడ్డను తాకదు. దీనికి మార్గం సులువు. కిలో గడ్డలను గోనెపట్టాలోనో గుడ్డలోనో మూట కట్టి, అడ్డంగా పెట్టిన కర్రకు వేలాడదీసి, 50 లీటర్ల నీళ్ళలో పైమట్టానికి మునిగీ మునగనట్టు ఉంచండి. మూట నుంచి నీలం దారాలు కిందికి జారుతూ కనిపిస్తాయి. బరువైన నీరు దిగిపోతుంటే తేట నీరు పైకొచ్చి మూటను తాకుతుంది. ఎవరూ కలపకుండానే తెల్లారేసరికి మూట ఖాళీ అవుతుంది. అప్పటికప్పుడు కావాలంటే గడ్డలు దంచి, ప్లాస్టిక్ బకెట్టులో కొద్దిగా వేడినీళ్ళు పోసి కరిగించి, చల్లారాక 50 లీటర్లకు పెంచండి. దంచేటప్పుడు దుమ్ము కళ్ళలో, ముక్కులో పడకుండా గుడ్డ కట్టుకోండి. వంటింటి రోలు వాడకండి.

రెండో పని: సున్నపు పాలు

కిలో గడ్డలు బకెట్టులో వేసి కొంచెం కొంచెంగా నీళ్ళు చిలకరించండి. బుసబుస పొంగి, ఆవిరి లేచి, గడ్డలు పగులుతాయి. ఆ వేడికి పల్చటి ప్లాస్టిక్ బకెట్టు మెత్తబడుతుంది, మట్టి తొట్టి అయితే మంచిది. మీద వంగి చూడకండి. వేడి సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పిల్లలను దూరం పంపండి.

గడ్డలన్నీ విరిగి పిండి అయ్యాక మరికొన్ని నీళ్ళు పోసి పాలలా చేసి, గుడ్డలో వడకట్టి 50 లీటర్లకు పెంచండి. గుడ్డలో మిగిలిన రాళ్ళను తూచండి. పావుకిలో రాళ్ళు తేలితే ఆ పావుకిలో కొత్త సున్నం విరగదీసి కలపాలి. తర్వాత పూర్తిగా చల్లారనివ్వండి. వేడి సున్నంలో కలిపితే నీలం పొడి ముతకగా తయారవుతుంది, నల్లబడుతుంది కూడా.

మూడో పని: కలపడం

పెద్ద డ్రమ్ములోకి ఇద్దరు మనుషులు రెండు వైపుల నుంచి మైలుతుత్తం నీళ్ళు, సున్నపు పాలు ఒకేసారి, ఒకే వేగంతో పోయాలి, మూడో మనిషి కర్రతో కలుపుతూ ఉండాలి. మనుషులు లేకపోతే సున్నపు పాలు పెద్ద డ్రమ్ములో పోసుకొని, కలుపుతూ మైలుతుత్తం నీళ్ళను సన్నటి ధారగా అందులోకి దించండి. తిరగేసి, మైలుతుత్తంలోకి సున్నం పోయకండి. అలా చేస్తే మొదట రాగి ఎక్కువ, సున్నం తక్కువ ఉన్న చోట ముతక రేణువులు పుడతాయి. అవి త్వరగా అడుగుకు దిగుతాయి, ఆకుకు అతకవు, నాజిల్‌లో అడ్డం పడతాయి.

నీళ్ళు మోయడం తప్పుతుందని రెండూ చిక్కగా కలిపేసి, ఆ తర్వాత నీళ్ళు పోసి పలచన చేయడం చాలా చోట్ల చూస్తాం. అదీ ఇదే రకం తప్పు. చిక్కటివి రెండూ తగిలితే రేణువు ముతకబారుతుంది, తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా సన్నబడదు. పలచన చేయడం ముందు, కలపడం తర్వాత.

సరిగా కుదిరిన మిశ్రమం ఆకాశనీలంలో, జున్ను పాలలా చిక్కగా, కదిలిస్తే మెల్లగా తిరుగుతుంది. మురికి పచ్చగా వచ్చి కాసేపటికి గోధుమరంగుకు తిరిగితే మైలుతుత్తంలో ఇనుము కలిసిందని అర్థం.

నాలుగో పని: పరీక్ష. దీన్ని వదలొద్దు

ఇనుప మేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, నూనె జిడ్డు లేకుండా కడిగి, మిశ్రమంలో రెండు నిమిషాలు ముంచి తీయండి. మెరుపు అలాగే ఉంటే సరే. ఎర్రటి రాగి పూత కనిపిస్తే విడి రాగి మిగిలి ఉంది. సున్నపు పాలు లీటరు చొప్పున కలుపుతూ, ప్రతిసారీ మేకును మళ్ళీ రుద్ది, ముంచి చూడండి. పూత రావడం ఆగేదాకా వదలకండి.

రెండో పరీక్షకు పసుపు చాలు. తెల్ల కాగితం మీద తడి పసుపు పూసి ఆరబెట్టుకోండి. మిశ్రమపు చుక్క వేస్తే కుంకుమ రంగు తిరగాలి. తిరిగితే సున్నం పైచేయిగా ఉందని అర్థం. ఇంకా అనుమానముంటే గాజు గ్లాసులో కాస్త పట్టి అరగంట ఉంచండి. పైన తేరిన నీటికి రంగు ఉండకూడదు. నీలపు ఛాయ ఉంటే రాగి మిగిలినట్టే. పొడి గబగబా అడుగు పట్టి, పైన చాలా నీరు తేరితే కలిపిన తీరులో తప్పు జరిగింది. నిదానంగా దిగేదే మంచి మందు.

మన వైపు బోరు నీళ్ళు చాలా చోట్ల గట్టి నీళ్ళు. వాటిలో మైలుతుత్తం కరిగించినప్పుడు కొంచెం తెల్లమబ్బులా మసక కడుతుంది, ఆ మేరకు రాగి ముందే పొడిగా దిగిపోతోందన్నమాట. వాన నీరో, చెరువు తేటో దొరికితే మైలుతుత్తం డ్రమ్ముకు అది వాడండి.

తైవాన్ స్ప్రేయర్‌తో పదీ పదిహేను చెట్లకే కొట్టాలంటే డ్రమ్ములు అక్కర్లేదు. 16 లీటర్ల ట్యాంకుకు మైలుతుత్తం 160 గ్రాములు, సున్నం 160 గ్రాములు, ఒక్కోటి 8 లీటర్ల నీళ్ళలో. పద్ధతి, పరీక్ష అవే.

ఎప్పుడు, దేనికి కొట్టాలి

మిశ్రమం చేసిన రోజే వాడేయాలి. నిలవుంటే రేణువులు పెరిగి అతుకు తగ్గుతుంది. అనుకోకుండా వాన పడి మర్నాటికి ఆపాల్సి వస్తే 100 లీటర్లకు 100 గ్రాముల బెల్లం కరిగించి పోయండి, ఒక రోజు నిలుస్తుంది. అంతకు మించి ఆశపడొద్దు.

మామిడిలో, అది తోతాపురి అయినా, బేనీషా అయినా, నీలం అయినా, దీనికి రెండు మంచి అదనులు. కాయ దిగాక జూలై, ఆగస్టుల్లో ఎండు కొమ్మలు కత్తిరించిన వెంటనే ఒకసారి. అక్టోబరు, నవంబరు ముసుర్లకు ముందు, ఆకు పొడిగా ఉన్న రోజు చూసి ఇంకోసారి. పక్షికన్ను తెగులు, కొమ్మ ఎండు తెగులు, ఆకు మీద ఎర్రతుప్పు ఆ తడిలోనే వ్యాపిస్తాయి. ఇది ముందుగా కాపలా కాసే మందు. ఆకు లోపలికి వెళ్ళిన తెగులును ఇది తీయలేదు. మచ్చలు పడ్డాక కొట్టి "పని చేయలేదు" అంటే మందు తప్పు కాదు. ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాలి, పెద్ద చెట్టుకు 10 లీటర్లు దాటుతుంది.

పూత మీద కొట్టొద్దు, పూత మాడుతుంది. పూతకు వచ్చే బూడిద తెగులుకు గంధకం మందులు గానీ రాగి కాదు. మబ్బుపట్టి, మంచు పడి ఆకు గంటలకొద్దీ ఆరని రోజున కూడా వద్దు. తడిలో రాగి ఒక్కసారిగా ఎక్కువ కరిగి లేత చిగురును కాలుస్తుంది. ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి, మందు ఆరడానికి ఎండ మిగిలేలా ముగించండి.

ఇందులో పురుగుమందులు కలపకండి. సున్నపు కారానికి డైమిథోయేట్, మలాథియాన్ లాంటివి విరిగిపోతాయి. రెండు పనులు ఒకేసారి అవుతాయని కలిపితే రెండూ చెడతాయి.

చీనీ, నిమ్మ తోటల్లో గజ్జి తెగులుకూ ఇదే 1 శాతం మిశ్రమం. టమాట, మిరప నారుమళ్ళలో నారుకుళ్ళు కనిపిస్తే మొక్కల మొదళ్ళ మట్టి తడిసేలా పోస్తారు. పలమనేరు, పుంగనూరు వైపు టమాట లేత మొక్కల ఆకుల మీద మాత్రం కొట్టే ముందు నాలుగైదు మొక్కలకు చల్లి రెండు రోజులు చూడండి.

బోర్డో పేస్టు

మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్ళు మొత్తం 10 లీటర్లు. చెరి 5 లీటర్లలో వేర్వేరుగా చేసి కలపాలి. ఇది బ్రష్షుతో పూసే మందు, స్ప్రేయర్‌లో పోయకూడదు. చీనీ, నిమ్మ చెట్ల మొదట్లో బంక కారుతుంటే కత్తితో ఆ చచ్చిన బెరడును ఆరోగ్యమైన బెరడు కనిపించేదాకా చెక్కి, చెక్కిన ముక్కలు కాల్చేసి, గాయానికి పేస్టు పట్టించండి. మొదలు నుంచి 2, 3 అడుగుల ఎత్తు వరకు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పూయడం మంచి అలవాటు. మామిడి కొమ్మలు కోసినప్పుడు కోత ముఖాలకు ఆ రోజే పూయండి. రెండు రోజులు ఆగితే శిలీంధ్రం అప్పటికే లోపలికి దిగి ఉంటుంది.

తోట బయట ఉపయోగాలు

వరిమడిలో నాచు పట్టి పిలకలు అణిగిపోతుంటే ఎకరాకు 2 కిలోల మైలుతుత్తం గుడ్డ సంచిలో కట్టి, నీరు మడిలోకి వచ్చే మడవ దగ్గర ఉంచితే నీటితో పాటు కరిగి పారుతుంది. చేపలున్న నీటి దగ్గర ఈ పని చేయొద్దు, చేపలకు చాలా కొద్ది రాగి కూడా విషమే.

ఆవుల గిట్టల మధ్య కుళ్ళుకు 10 లీటర్ల నీళ్ళలో 500 గ్రాములు కరిగించి, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పోసి అందులో నడిపిస్తారు. ముందు గిట్టలను మామూలు నీళ్ళతో కడగాలి, పేడ కలిస్తే మందు బలం పోతుంది. గొర్రెలకు రాగి పడదు. ఆ నీళ్ళు తాగకుండా కాపలా ఉండాలి, పని అయ్యాక తొట్టి అలా వదిలేయకూడదు. ఇక్కడ సున్నం లేదు కాబట్టి ఈ నీళ్ళు చెట్ల మొదళ్ళలో పోయొద్దు.

పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు మైదా జిగురులో చిటికెడు వేస్తారు, బూజు పట్టకుండా, పురుగు తినకుండా. రక్తదాన శిబిరంలో వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను నీలం నీళ్ళలో వేసి చూస్తారు కదా, అదీ ఇదే. సాంద్రత 1.053 ఉండేలా చేసిన ఆ ద్రావణంలో చుక్క మునిగితే హిమోగ్లోబిన్ 12.5కు తగ్గలేదని లెక్క.

పని అయ్యాక

స్ప్రేయర్‌ను, గొట్టాన్ని, నాజిల్‌ను అదే రోజు మూడుసార్లు నీళ్ళతో కడగండి. రాత్రంతా ఉంటే సున్నం గట్టిపడి నాజిల్ మూసుకుపోతుంది, లోహపు భాగాలను మందు తినేస్తుంది. కడిగిన నీళ్ళు చెరువులోకీ, బావి గట్టుకూ పోనివ్వకండి. మిగిలిన మందును ఒకేచోట పారబోయకుండా ఇంతకుముందు మందు కొట్టిన చెట్లకే పలచగా చల్లేయండి. రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు చెడు చేస్తుంది. అందుకే అవసరమైనన్ని సార్లే కొట్టాలి, ఏటా అలవాటుగా పెంచుకుంటూ పోకూడదు.

మైలుతుత్తం గడ్డలు చూడటానికి పటికబెల్లంలా ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పేరు రాసి, ఇంటి బయట తాళం వేసిన చోట పెట్టండి. ఎవరైనా మింగితే నీలి వాంతులు, కడుపు మంట, తర్వాత రక్తకణాలు పగలడం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్తుంది. బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, సంచి మీది లేబుల్ వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. సున్నం గానీ ఈ నీళ్ళు గానీ కంట్లో పడితే ముందు పదిహేను నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి.